తవ్వే ముందు ఒక మాట



థానే నుంచి కశేళి వంతెన దాటి భివండి వైపు వస్తుంటే కశేళి, కాల్హేర్, ఆ వెంటనే పూర్ణ తగులుతాయి. రోడ్డుకు రెండు పక్కలా గోడౌన్లు, నడుమ మెట్రో స్తంభాలు. థానే, భివండి, కల్యాణ్‌లను కలిపే మెట్రో ఐదో లైనుకు 2018 డిసెంబరు 18న కల్యాణ్‌లో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. ఆ లైనులో పూర్ణ ఒక స్టేషను. ఇంకొంత ముందుకు పోతే అంజూర్ ఫాటా, ధామణ్‌కర్ నాకా, అక్కడికి దగ్గర్లోనే మన పద్మనగర్. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి బతుకుదెరువు కోసం వచ్చి, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నిలదొక్కుకున్న తెలుగువాళ్ల పేట అది.

ఈ దారిలో ఏ రోజు చూసినా ఎక్కడో ఒకచోట తవ్వకం నడుస్తూనే ఉంటుంది. మెట్రో పని అయినా కావచ్చు, గోడౌను పునాది అయినా కావచ్చు. మురుగు కాలువ, కొత్త కరెంటు కనెక్షనుకు వేసే కేబులు, పండగ మండపానికి పాతే గుంజ, ఏదైనా సరే. అలా తవ్వే ముందు ఎవరికి చెప్పాలి, కరెంటు కొత్తగా తీసుకునేటప్పుడు, ఉన్నదాన్ని పెంచుకునేటప్పుడు ఎవరికి చెప్పాలి, చెప్పకపోతే ఏమవుతుంది అన్నదే ఇవాళ్టి ముచ్చట.

ముందు మన పొరుగు ఊరి సంగతి చెప్తాను. థానేలో కాపూర్‌బావడి ఉంది కదా, మన మెట్రో మొదలయ్యే చోటు. అక్కడి నుంచి ముంబైలోని భాండుప్ నీటి శుద్ధి కేంద్రం దాకా నేల అడుగున 15 కిలోమీటర్ల సొరంగం ఉంది. ముంబై తాగే నీళ్లలో పెద్ద వాటా భాండుప్ మీదుగానే పోతుంది. థానేలో ఒకచోట ఎవరో బోరుబావి వేయిస్తూ ఆ సొరంగానికి చిల్లు పెట్టేశారు. జానెడు వెడల్పు కూడా ఉండని బోరు! దాన్ని పూడ్చడానికి 2023 మార్చి 31 నుంచి నెల రోజులపాటు సొరంగాన్ని మూసి, ముంబై మహానగరమంతటికీ నీళ్లలో 15 శాతం కోత పెట్టాల్సి వచ్చింది. ఎండాకాలం, కోటి మందికి పైగా జనం. బోరు వేసినవాళ్లు దొంగతనంగా వేశారా, తెలియక వేశారా అన్నది వేరే చర్చ. నాకు తోచేది ఒక్కటే. ఆ స్థలం కింద ఏముందో తెలిసిన కార్యాలయం ఒకటి ఉంది, బోరు బండి తెప్పించిన మనిషి ఒకడున్నాడు. ఆ ఇద్దరి మధ్యా మాట నడవలేదు.

చిన్నవాళ్లకే ఇలా జరుగుతుందనుకోకండి. అదే ఏడాది నవంబరు 30న అంధేరిలో మెట్రో ఆరో లైను పనుల్లో డ్రిల్లింగ్ చేస్తుంటే వెరావలి జలాశయానికి వెళ్లే 1,800 మిల్లీమీటర్ల నీటి పైపు పగిలింది. మనిషి నిటారుగా నడిచిపోగలిగినంత పెద్ద పైపు అది. మెట్రో అంటే ఇంజనీర్లు, నక్షాలు, కన్సల్టెంట్లు, కోట్ల రూపాయల టెండర్లు. అయినా పైపు ఉన్నచోటే డ్రిల్లు దిగింది. అంధేరి చుట్టుపక్కల జనం నీళ్ల ట్యాంకర్ల వెంట పరుగులు తీశారు.

ఇక పూర్ణ రోడ్డు సంగతి చూద్దాం. కరెంటు కేబుళ్లు టొరెంట్ పవర్ నిర్వహణలో ఉన్నాయి. వంటగ్యాసు పైపులు మహానగర్ గ్యాస్ వాళ్లవి. మంచినీళ్లలో కొంత షహాడ్ టెంఘర్ నుంచి స్టెమ్ అనే సంస్థ పంపుతుంది. ఫోను, ఇంటర్నెట్ ఫైబరు నాలుగైదు కంపెనీలది. ఊరి చుట్టుపక్కల ఓ 60 గ్రామాలకు కట్టడాల అనుమతులిచ్చే ప్లానింగ్ అధికారం ముంబై మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ ఎంఎంఆర్‌డీఏది. భివండి పట్టణంలోకి అడుగుపెడితే అది భివండి నిజాంపూర్ మహానగరపాలిక పరిధి. ఇన్ని చేతులు ఒకే నేల కింద ఉన్నాయి. మనవాళ్లలో చాలామంది పొరపడేది ఇక్కడే. "పాలిక పర్మిషన్ తెచ్చుకున్నాం, రోడ్ కటింగ్ డబ్బులు కట్టాం, ఇంకెవరికి చెప్పాలి?" అంటారు. పాలిక ఇచ్చేది రోడ్డు తవ్వుకునే అనుమతి. ఆ రోడ్డు కింద పోయే కేబులు ఎవరిదో వాళ్లకు ఆ రసీదుతో కబురు అందదు. అనుమతి వేరు, కబురు వేరు. రెండూ కావాలి.

ఈ కబురును సులువు చేయడానికి 2023 మార్చి 22న కేంద్ర ప్రభుత్వం ఒక మొబైల్ యాప్ తెచ్చింది. పేరు కాల్ బిఫోర్ యు డిగ్. గాంధీనగర్‌లోని భాస్కరాచార్య సంస్థతో కలిసి టెలికాం శాఖ దాన్ని తయారుచేయించింది. సమన్వయం లేని తవ్వకాల వల్ల దేశంలో ఏటా దాదాపు 10 లక్షల చోట్ల ఫైబరు తెగుతోందని, నష్టం 3,000 కోట్ల రూపాయల దాకా ఉందని అప్పుడు ప్రభుత్వం చెప్పిన లెక్క. యాప్‌లో మీరు తవ్వబోయే చోటు, తేదీ నమోదు చేస్తే, ఆ చుట్టుపక్కల ఆస్తులున్న సంస్థలకు మెసేజీ వెళ్తుంది. మా కేబులు ఇక్కడుంది, మా మనిషి వస్తాడు అని వాళ్లు బదులిస్తారు. టెలికాం వరకైతే ఇది కేవలం సౌకర్యం కాదు. టెలికాం నియమాల ప్రకారం తవ్వేవాళ్లు పోర్టల్ ద్వారా ముందుగా తెలపడం విధి.

అయితే ఒక్క యాప్‌తో అన్ని పనులూ అయిపోతాయని నేను చెప్పను. అందులో చేరి తమ పైపుల వివరాలు ఎక్కించిన సంస్థకే ఆ మెసేజీ పోతుంది. అందుకే గ్యాసు కంపెనీకి విడిగా ఫోను చేయడం, కరెంటు ఆఫీసుకు విడిగా కాగితం ఇవ్వడం ఇప్పటికైతే తప్పదు. అమెరికాలో ఉన్న మీ అబ్బాయినో అమ్మాయినో అడిగి చూడండి. అక్కడ 2007 నుంచి దేశమంతటికీ 811 అని ఒకే నంబరు ఉంది. పెరట్లో కంచె గుంజ పాతాలన్నా ముందు ఆ నంబరుకు చెప్తారు. రెండు మూడు పనిదినాల్లో సంస్థల మనుషులు వచ్చి గడ్డి మీద రంగులు కొట్టి పోతారు. కరెంటుకు ఎరుపు, గ్యాసుకు పసుపు, నీళ్లకు నీలం, ఫోనుకు నారింజ. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న మన తెలుగువాళ్లు ఈ రంగులు చూసి ముందు కంగారుపడి, తర్వాత అలవాటు పడతారు. మనకూ అలాంటి ఒకే కిటికీ కావాలని అడగడంలో తప్పు లేదు. ఆఫీసుకొక నియమం పెట్టి, పదిచోట్ల తిప్పి, చివరికి తవ్వినవాడిదే తప్పనడం న్యాయం కాదు.

ఇప్పుడు గునపం పట్టుకున్న మనిషి దగ్గరకు వద్దాం. బొంబాయి నగరాన్ని కట్టిన కూలీల్లో తెలంగాణ నుంచి వచ్చిన కామాఠీలున్నారు. వాళ్ల పేరుతోనే కామాఠీపురా ఉంది. తర్వాతి కాలంలో పాలమూరు లేబర్ దేశమంతా తిరిగి ఆనకట్టలకు, కాలువలకు మట్టి తవ్వారు. ఇవాళ కేబుల్ కాలువలు తీసే చోట కూడా గుంపు మేస్త్రీ వెంట ఆ జిల్లా మనుషులు కనిపిస్తారు. కాబట్టి ఇది మనకు పరాయి విషయం కాదు. దెబ్బ తగిలితే మొదట తగిలేది మనవాళ్లకే. నోటీసు సేటు ఫోనులో ఉంటుంది, నక్షా కాంట్రాక్టరు బ్యాగులో ఉంటుంది, గుంతలో దిగిన మనిషికి మాత్రం "ఇక్కడ తవ్వు" అన్న మాట తప్ప ఏదీ అందదు. నోటీసు ఇచ్చి కూడా ప్రమాదం జరిగిందంటే చాలాసార్లు కారణం ఇదే. కబురు ఆఫీసు దాకా పోయింది, జవాబు గుంత దాకా రాలేదు.

గుంతలో ఏం చూడాలో కొంచెం దగ్గరగా చెప్తాను. 11 వేల వోల్టుల కేబులును మామూలుగా 90 సెంటీమీటర్ల లోతున వేయాలి, ఇళ్లకు పోయే తక్కువ వోల్టేజీ కేబులును 75 సెంటీమీటర్ల లోతున. లెక్క అది. కానీ రోడ్డు మీద రోడ్డు వేసిన చోట ఆ లోతు పెరుగుతుంది, చదును చేసిన చోట తగ్గుతుంది. పక్కన పాత కాలువ ఉంటే కేబులు పక్కకు ఒరిగి కూడా ఉంటుంది. అందుకే నక్షాలో గీత కనిపించింది కదా అని ఆ గీతకు మూరెడు ఇవతల జేసీబీ దించకూడదు. ముందు అడ్డంగా ఒక చిన్న గుంత చేత్తో తీసి చూడాలి. తవ్వుతుండగా ఉన్నట్టుండి మెత్తటి ఇసుక తగిలిందా, వరసగా పేర్చిన ఇటుకలు కనిపించాయా, రంగు ప్లాస్టిక్ పట్టీ బయటపడిందా, ఆగిపోవాలి. ఇసుక, ఇటుకలు, పట్టీ వాటంతటవే అక్కడికి రావు. ఎవరో కేబులునో పైపునో పడుకోబెట్టి, పైన కప్పి, తర్వాత వచ్చేవాడికి గుర్తుగా పెట్టిపోయారు. గునపాన్ని పైకెత్తి పొడవడం అక్కడితో మానాలి. పారతో మట్టిని మెల్లగా పక్కకు లాగాలి.

జేసీబీ పన్ను కేబులు ఉక్కు తొడుగు దాటి లోపలికి దిగితే కళ్లు బైర్లు కమ్మే మెరుపు, ఆ వేడికి కాలిన చేతులు, ముఖాలు. సబ్‌స్టేషనులో బ్రేకరు పడిపోతుంది. "లైను చచ్చిపోయింది, ఇక భయం లేదు" అని కేబులును చేత్తో పక్కకు జరిపేవాళ్లుంటారు. లైను ఎందుకు పడిపోయిందో అక్కడివాళ్లకు తెలియకపోతే పరీక్ష కోసం మళ్లీ ఆన్ చేస్తారు. ఆ క్షణాన కేబులు మీ చేతిలో ఉండకూడదు. దూరం జరగాలి, వెంటనే ఫోను చేయాలి. డ్రైవరు క్యాబినులోనే ఉంటే బండిని వెనక్కు తీయగలిగితే తీయాలి, లేకపోతే కరెంటు ఆపారన్న మాట వచ్చేదాకా దిగకుండా కూర్చోవాలి.

తెగిన కేబులు కన్నా గీసుకుపోయిన కేబులు మరింత మోసం చేస్తుంది. పైతొడుగు కొంచెం చీరింది, కరెంటు పోలేదు, ఎవరూ చూడలేదు. గబగబా మట్టి కప్పేస్తారు, నష్టపరిహారం అడుగుతారన్న భయంతో. జూన్‌లో వానలు పడతాయి, చీలిక గుండా తేమ దిగుతుంది, ఎప్పుడో ఆగస్టులో ఆ కేబులు పేలుతుంది. అప్పుడు పక్క వీధిలో సాంచాలన్నీ ఆగుతాయి, ఎవరిని తిట్టాలో ఎవరికీ తెలియదు.

గ్యాసు విషయంలో ఇదే కథ మరీ ఘోరంగా నడిచింది. బెల్జియంలో గిలెంగియన్ అని ఒక ఊరు. 2004 జులై 30న అక్కడి పారిశ్రామిక వాడలో పెద్ద గ్యాసు పైపు పేలి 24 మంది చనిపోయారు, నూటముప్పై మంది దాకా గాయపడ్డారు. పైపు మీద దెబ్బ ఆ రోజు తగిలింది కాదు. అంతకుముందు కట్టడం పనుల్లో ఏదో యంత్రం దాన్ని గీకి పోయింది. ఎవరూ చెప్పలేదు. తర్వాత పైపులో ఒత్తిడి పెంచినప్పుడు బలహీనపడ్డ చోటే పగిలింది. లీకు సంగతి తెలిసి సాయానికి వచ్చిన అగ్నిమాపక సిబ్బంది కూడా చనిపోయినవాళ్లలో ఉన్నారు.

మన వాళ్లకు గ్యాసు పైపు అనగానే అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని నగరం గ్రామం గుర్తొస్తుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ పైపు పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. అక్కడ కారణం తవ్వకం కాదు, పైపు లోపలి తుప్పు. అయినా నేల కింద గ్యాసు బయటపడితే ఎంతసేపట్లో ఎంత దూరం పాకుతుందో ఆ ఊరు చూసింది. కాబట్టి పూర్ణలోనో పద్మనగర్‌లోనో తవ్వకం దగ్గర గ్యాసు వాసన వస్తే బీడీ, అగ్గిపెట్టె మాత్రమే కాదు, మోటారు స్విచ్చు, అక్కడే నిలబడి చేసే ఫోను కూడా వద్దు. జనాన్ని గాలి వచ్చే వైపుకు దూరంగా పంపి, అక్కడి నుంచి గ్యాసు కంపెనీకి, ఫైర్ బ్రిగేడుకు చెప్పాలి. పైపు చిల్లును మట్టితో పూడ్చే ప్రయత్నం చేయకూడదు. కప్పేసిన గ్యాసు కాలువ వెంటో గోడ సందులోంచో ఏ ఇంట్లోనో తేలుతుంది.

కింద ఉన్నదే కాదు, పైన ఉన్నదీ చూడాలి. గోడౌనుకు రేకుల కప్పు ఎత్తు పెంచుతారు, ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తారు, బాల్కనీ వీధిలోకి జరుపుతారు. 11 వేల వోల్టుల తీగకూ కట్టడానికీ మధ్య పక్కగా 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు దూరం ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెప్తాయి. తీగ దగ్గర కట్టడం మొదలుపెట్టే ముందు కరెంటు సంస్థకు, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని కూడా అవే అంటాయి. ఇనుప చువ్వను నిలువుగా పైకి అందించే కుర్రాడికి 1.2 మీటర్లు అంటే ఎంతో తెలియదు. లైను జరిపించడానికో, పని జరిగే గంటల్లో కరెంటు ఆపించడానికో ముందే రాసుకోవాల్సింది ఇల్లు కట్టించే ఆసామి.

ఇక మన సాంచాల సంగతి. ఇది తవ్వకం కాదు కదా అంటారేమో. నెట్‌వర్కుకు తెలియకుండా నేల తవ్వడం ఎంతో, నెట్‌వర్కుకు తెలియకుండా బరువు పెంచడం అంతే. 2007 జనవరి 26న భివండి కరెంటు పంపిణీని మహారాష్ట్ర విద్యుత్ సంస్థ టొరెంట్‌కు ఫ్రాంచైజీగా అప్పగించింది. దేశంలో ఆ తీరు ఏర్పాటు అదే మొదటిది. అంతకుముందు ఇక్కడికి వచ్చిన కరెంటులో సగానికి పైగా నష్టాల కింద పోయేది. తీగలు తెగడం, ట్రాన్స్‌ఫార్మర్లు కాలడం రోజూ ఉండే పనే. అప్పటివాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు, అడిగితే గంటలు గంటలు చెప్తారు. ఊరి నష్టాలు బాగా తగ్గిన మాట నిజం. బిల్లుల మీద గొడవలు ఉన్న మాటా నిజం. రెండోది చెప్తే మొదటిది మరిచిపోవాలని లేదు.

సాదా సాంచాకు దాదాపు ఒక హార్స్‌పవర్ మోటారు. 12 సాంచాల కార్ఖానాలో ఇంకో 6 దించి, కండెల యంత్రం పెట్టి, మంజూరైన లోడు కాగితం మాత్రం పాతదే ఉంచుకుంటే ఆ తేడా ఎక్కడికి పోతుంది? ట్రాన్స్‌ఫార్మరు మీదకు పోతుంది. వోల్టేజీ దిగుతుంది, మోటార్లు వేడెక్కుతాయి, పక్క కార్ఖానాలో తీగ తొడుగు మెత్తబడుతుంది. దూది, నూలు ధూళి నిండిన షెడ్డులో మెత్తబడ్డ తీగ ఏం చేస్తుందో భివండిలో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. 27 హార్స్‌పవర్ దాటితే రాయితీ లెక్క మారిపోతుందన్న భయంతో లోడు దాచేవాళ్లూ ఉన్నారు. మంజూరు దాటి వాడటం విద్యుత్ చట్టం 126వ సెక్షను కిందకు వస్తుందని సుప్రీంకోర్టు 2011లో సీతారాం రైస్‌మిల్లు కేసులో తేల్చింది. ఆ సెక్షను కింద లెక్కగట్టేది రెట్టింపు రేటుతో. దాచి మిగుల్చుకునేది ఏముంది?

ఇంకో మాట జెనరేటరు గురించి. కరెంటు పోగానే జెనరేటరు తీగను నేరుగా బోర్డులో గుచ్చేవాళ్లున్నారు, చేంజోవర్ స్విచ్చు లేకుండా. మీ 415 వోల్టులు వెనక్కు తిరిగి ట్రాన్స్‌ఫార్మరు ఎక్కితే అవతల 11 వేలవుతాయి. లైను ఆపాం అనే ధైర్యంతో స్తంభం మీద ఉన్న లైన్‌మన్ చేతిలోకి అవి పోతాయి. కప్పు మీద సోలారు పెట్టుకునేవాళ్లూ ఇది గుర్తుంచుకోవాలి. 10 కిలోవాట్ల దాకా సాంకేతిక పరిశీలన లేకుండానే ఒప్పుకున్నట్టు లెక్కించాలని 2024లో కేంద్రం నియమం మార్చింది. దరఖాస్తు మాత్రం తప్పదు. ఊరి కరెంటు పోతే తానూ ఆగిపోయే ఇన్వర్టరు ఉందా లేదా అని చూసేది అప్పుడే. కొత్త కనెక్షనుకు కూడా అదే సవరణలో గడువులు తగ్గించారు. లైను కొత్తగా లాగనక్కర్లేని చోట మెట్రో నగరాల్లో 3 రోజులు, మున్సిపాలిటీల్లో 7, గ్రామాల్లో 15. దరఖాస్తు పెట్టి, ఆ తేదీ పట్టుకుని అడగండి.

సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లకు సహకార విద్యుత్ సంఘం, మన సెస్, గుర్తుండే ఉంటుంది. 1970 నుంచి అక్కడ కరెంటు సంఘం సభ్యులదే, ఆఫీసులో మాట్లాడటానికి మొహమాటం ఉండదు. భివండిలో ఆఫీసు భాష వేరు, మనకు జంకు. ఆ జంకు తీయడం పద్మశాలి సమాజాలు, గుడి కమిటీలు, గణపతి మండళ్లు చేయగలిగిన పని. కరెంటు, గ్యాసు, నీళ్లు, ఫోను, నాలుగు సంస్థల అత్యవసర నంబర్లు తెలుగులో రాయించి ఒక బోర్డు పెట్టించండి. మండపం గుంజలకు రోడ్డు తవ్వేముందు మండలి వాళ్లే ఆ నాలుగు చోట్లా చెప్పండి.

గోడౌనో ఇల్లో కట్టిస్తున్నవాళ్లకు నా మనవి ఇది. జేసీబీ మాట్లాడుకోవడానికి కనీసం వారం ముందు నోటీసు ఇవ్వండి. నోటి మాటతో సరిపెట్టక ఫిర్యాదు నంబరో, ముద్ర వేసిన కాపీనో తీసుకోండి. వాళ్ల మనిషి వచ్చి చూపించిన చోటును సున్నంతో గీయించండి. ఆ కాగితం జిరాక్సు తీసి గుంపు మేస్త్రీ చేతిలో పెట్టండి. అది చేతికి రానిదే మనుషుల్ని గుంతలోకి దించవద్దని ఆయనకే చెప్పండి.